గేటు బయట నిలబడేవాళ్లు

(హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో న్యాయవిద్యార్థులు, వాలంటీర్ల ముందు ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా, అక్కడక్కడా కుదించి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల దాకా వినపడుతోందా? సరే.

నన్ను ఖైదీల హక్కుల మీద మాట్లాడమన్నారు. అది మీ సిలబస్‌లో ఉంది, మీకు పాఠం చెప్పే సార్లున్నారు. నేను ఖైదీని చూడ్డానికి వచ్చేవాళ్ల గురించి మాట్లాడతాను. పొద్దున పూట చంచల్‌గూడ జైలు వైపు పోయి చూడండి. చేతిలో సంచి, సంచిలో ఒక జత బట్టలు, ఆధార్ కార్డు, చంకలో పిల్ల. ఎక్కువమంది ఆడవాళ్లే. తల్లి, భార్య, అక్క, ఒక్కోసారి అత్త. లోపలున్న మనిషి గురించి చట్టం చాలా రాసింది. బయట నిలబడ్డ ఈ మనిషి గురించి ఏం రాసింది? 1894 నాటి జైళ్ల చట్టం తీయండి. 40వ సెక్షను శిక్ష పడని ఖైదీని తగిన వేళల్లో, తగిన షరతులతో కలవనివ్వాలంటుంది. పక్కనే 41వ సెక్షను. వచ్చినవాళ్ల పేరు, అడ్రసు అడగొచ్చు, అనుమానం వస్తే సోదా చెయ్యొచ్చు, ఒప్పుకోకపోతే లోపలికి రానివ్వక్కర్లేదు. ఆ చట్టానికి ఆమెతో ఉన్న సంబంధం ఇంతే. ఆమెను నమ్మొద్దు అని.

కానీ ఆ చట్టం, ఆ జైలు, మా కోర్టులు అన్నీ నడుస్తున్నది ఆమె మీదనే. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతి. లోపలివాడికి బట్టలు తెచ్చేది ఆమె, వకీలుకు కబురు చెప్పేది ఆమె, జమానత్‌కు, అంటే బెయిలు పూచీకి, మనిషిని వెతికేది ఆమె, వాయిదా తేదీ గుర్తుపెట్టుకునేది ఆమె. ఆమె ఒక నెల రాకపోతే ఫైలు కదలదు. అయినా ఆమె పోగొట్టుకునే రోజు కూలి ఏ లెక్కలోకీ రాదు.

లెక్క అన్నాను కాబట్టి ఒకటి చెప్తాను. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. అందులో 4,34,302 మంది విచారణలో ఉన్నవాళ్లు. నూటికి డెబ్బై అయిదుకు పైనే. అంటే గేటు ముందు నిలబడ్డ ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా నేరం రుజువు కాని మనిషి కోసం నిలబడ్డారు. "ఏం చేసిండో, ఊరికే పడేస్తరా" అని గల్లీలో అనేవాళ్లకు ఈ ముక్క చెప్పండి.

ఇప్పుడు మన ఊళ్లో జైళ్లు ఎక్కడున్నాయో చూద్దాం. దూరం సంగతి తెలియకుండా ములాఖత్, అంటే జైలుకెళ్లి ఖైదీని కలిసే సంగతి అర్థం కాదు. ఇక్కడున్న పెద్దవాళ్లకు ముషీరాబాద్ జైలు గుర్తుండే ఉంటుంది. దాన్ని పడగొట్టారు. 2003లో గాంధీ ఆస్పత్రి ఆ స్థలంలోకి వచ్చింది. ఊరి మధ్యలో మిగిలింది నిజాం కాలపు చంచల్‌గూడ. ఆడవాళ్ల జైలూ అక్కడే. మలక్‌పేట స్టేషన్లో దిగితే నడిచిపోవచ్చు, ఎంజీబీఎస్ బస్టాండు కూడా దూరం కాదు. రెండోది చర్లపల్లి, ఈసీఐఎల్ దాటి, కుషాయిగూడ అవతల. శిక్ష పడ్డవాళ్లు ఎక్కువగా అక్కడుంటారు. తర్వాత 2021లో వరంగల్ సెంట్రల్ జైలును కూడా ఖాళీ చేసి పడగొట్టారు, అక్కడా ఆస్పత్రే. ఆస్పత్రి వద్దని ఎవరంటారు? నేనూ అనను. కానీ ఖైదీలను బస్సులెక్కించి చర్లపల్లికీ, ఇంకో చోటికీ తరలించిన రోజున, ములుగు నుంచో మహబూబాబాద్ నుంచో వరంగల్ వచ్చి కొడుకును చూసి సాయంత్రానికి ఇల్లు చేరే తల్లికి ఏమైంది? తెల్లారుజామున బయల్దేరితే అర్ధరాత్రికి ఇల్లు. ఇక్కడ చుట్టాలుంటే సరే, లేకపోతే స్టేషన్లోనే పడుకోవాలి. 2025 జనవరిలో చర్లపల్లి రైల్వే టెర్మినల్ మొదలయ్యాక, రైలు అక్కడ ఆగితే కొందరికి కొంత నయమైంది. అదీ వీళ్ల కోసం కట్టింది కాదనుకోండి. 2015లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న ఖైదీల నియమాలున్నాయి, నెల్సన్ మండేలా పేరు పెట్టారు. 59వ నియమం ఏమంటుందంటే, ఖైదీని వీలైనంత వరకు తన ఇంటికి దగ్గరి జైల్లోనే ఉంచాలని. జైలు మార్చేటప్పుడు ఈ వీలు గురించి ఇంట్లోవాళ్లను అడగడం నేను చూడలేదు.

ఇంట్లోవాళ్లకు ఈ వ్యవస్థతో సంబంధం మొదలయ్యేది జైలు దగ్గర కాదు, పోలీస్ స్టేషన్ దగ్గర. మనిషిని పట్టుకెళ్తే ఇంట్లోవాళ్లకు చెప్పాలి. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇది గట్టిగా చెప్పింది. తర్వాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోకి 50-ఏ సెక్షనుగా వచ్చింది, ఇప్పుడు ఆ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 48వ సెక్షను. బంధువుకు గాని, స్నేహితుడికి గాని, అతను చెప్పిన ఇంకెవరికైనా గాని అరెస్టు సంగతి, ఎక్కడ ఉంచారో తెలపాలి. స్నేహితుడు అన్న మాట గుర్తుంచుకోండి, చివర్లో పని పడుతుంది. కాగితం మీద చాలా బాగుంది. మనుషులు నన్ను వెతుక్కుంటూ వచ్చేది మాత్రం, "మేడమ్, నిన్న రాత్రి తీస్కపోయిన్రు, ఏ ఠాణానో తెల్వది" అంటూనే. అప్పుడు మీరు చెయ్యాల్సింది ఠాణా నుంచి ఠాణాకు తిరగడం కాదు. 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు హాజరు పెట్టాలి కాబట్టి నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లోనో, ఆ ఏరియా కోర్టులోనో కనుక్కోవడం. జాతీయ న్యాయసేవల నంబరు 15100కు ఫోన్ చెయ్యడం.

ఇక ములాఖత్. మామూలు రోజుల్లో ఈ మాట ఎవరికీ పట్టదు. ఎవరో పెద్ద నాయకుడు లోపలికి పోయినప్పుడు టీవీలన్నీ ఇదే మాట మీద ఉంటాయి, ఎవరు కలిశారు, ఎన్ని నిమిషాలు కలిశారు అని. ఆ వారం మా దగ్గరికొచ్చే తల్లులు కూడా అడుగుతారు, "ఆయనకు అంత సేపిచ్చిన్రట గదా, మాకెందుకియ్యరు" అని. (నవ్వులు) నవ్వకండి, సరైన ప్రశ్నే అది.

రిమాండ్‌లో ఉన్నవాళ్లకు ఎక్కువసార్లు, శిక్ష పడ్డవాళ్లకు తక్కువసార్లు కలిసే వీలుంటుంది. ఏ రోజున ఎవరికి అన్నది జైలును బట్టి మారుతుంది. గేటు దగ్గర బోర్డు చూడండి, లేదా ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి. ఆదివారం పోయి తలుపు మూసి ఉంటే తిరిగొచ్చేవాళ్లు ఎందరో. ఇప్పుడు ఎక్కువగా ఈ-ములాఖత్ నడుస్తోంది. కేంద్ర ప్రభుత్వ జైళ్ల పోర్టల్లో ముందే పేరు నమోదు చేసుకోవాలి. మీ పేరు, అడ్రసు, గుర్తింపు కార్డు, ఫోనుకు వచ్చే ఓటీపీ. తర్వాత ఖైదీ పేరు, ఏ రాష్ట్రం, ఏ జైలు, తండ్రి పేరో భర్త పేరో. నేరుగా పోయి కలుస్తారా, వీడియోలోనా అని అడుగుతుంది. ఒప్పుకుంటే మెసేజ్ వస్తుంది.

చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు పేరు దగ్గర ఇరుక్కుపోతారు. మనవాళ్ల పేర్ల సంగతి తెలుసు కదా. ఇంటిపేరు ముందు రాసేవాళ్లు, వెనక రాసేవాళ్లు, ఒట్టి ఇనీషియల్ పెట్టేవాళ్లు. పోలీసు కాగితంలో ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు, రేషన్ కార్డులో మూడో తీరు. పైగా ఎఫ్ఐఆర్‌లో 'అలియాస్' అని బస్తీలో పిలిచే పేరు తగిలిస్తారు. వెంకటేశ్‌లో చివర ఒకసారి హెచ్ ఉంటుంది, ఒకసారి ఉండదు. పాతబస్తీ నుంచి వచ్చే తల్లికి కొడుకు పేరు ఉర్దూలో తెలుసు, ఇంగ్లీషు స్పెల్లింగు తెలియదు. కంప్యూటరు "అలాంటి ఖైదీ లేడు" అంటుంది. ఆమె గుండె ఆగిపోయినంత పనవుతుంది, ఎక్కడికి తీసుకెళ్లారోనని. కాబట్టి మొదటి రోజే వకీలు దగ్గర రిమాండ్ రిపోర్టు, అంటే పోలీసులు మెజిస్ట్రేటుకు ఇచ్చే కాగితం, కాపీ తీసుకోండి. అందులో పేరు ఎట్లా రాశారో, తండ్రి పేరు ఎట్లా రాశారో అచ్చం అట్లాగే నింపండి, తప్పున్నా సరే. తప్పు దిద్దడం తర్వాత కోర్టులో చూసుకోవచ్చు. వాలంటీర్లుగా మీరు ఒక్క ఈ పని నేర్చుకుంటే చాలు, నెట్ సెంటరువాడికి ఆమె పోసే డబ్బులు మిగులుతాయి.

ఈ ములాఖత్ మనకు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1981 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పుంది. ఫ్రాన్సిస్ కోరలీ ముల్లిన్ అని ఒక బ్రిటిష్ మహిళ, స్మగ్లింగ్ నివారణ చట్టం కింద నిర్బంధంలో తీహార్ జైల్లో ఉంది. అయిదేళ్ల కూతురుంది. ఆ పిల్లనూ, తోబుట్టువునూ నెలకు ఒకేసారి కలవొచ్చన్నది రూలు. వకీలును కలవాలన్నా కస్టమ్స్ అధికారి పక్కనుండాలి. ఆమె కోర్టుకెళ్లింది. జస్టిస్ పి.ఎన్. భగవతి రాశారు. బతికే హక్కు అంటే ఊపిరి పీల్చడమే కాదు, సాటి మనుషులతో కలిసిమెలిసి ఉండడం కూడా అందులో భాగమే అని. నెలకు ఒకసారి అన్న రూలు కొట్టేశారు, విచారణ ఖైదీల మాదిరిగా వారానికి రెండుసార్లయినా ఇవ్వాలన్నారు. ఈ తీర్పు హైదరాబాద్‌లో మరీ ఎక్కువ గుర్తుంచుకోవాలి. మన దగ్గర పీడీ యాక్టు, అంటే ముందస్తు నిర్బంధ చట్టం కింద ఏడాది దాకా విచారణ లేకుండా లోపల ఉంచే అలవాటు ముదిరింది. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తెలంగాణ పోలీసుల ఈ తీరును తప్పుపట్టి ఒక నిర్బంధాన్ని కొట్టేసింది కూడా. ఆ కేసు వేసింది ఎవరు? లోపలున్న మనిషి భార్య. నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు పెట్టమని అడిగే హెబియస్ కార్పస్ పిటిషన్ల జాబితా హైకోర్టులో తిరగేస్తే పిటిషనర్ల పేర్లలో భార్యలు, తల్లులు వరసగా కనిపిస్తారు. గేటు ముందు నిలబడ్డదే కోర్టు మెట్లూ ఎక్కుతుంది.

2020 మార్చిలో కరోనాతో ములాఖత్‌లు ఆగిపోయాయి. అప్పుడే వీడియో ములాఖత్ బాగా పాకింది. దూరం ఊళ్లవాళ్లకు అది వరమే, కాదనను. నారాయణపేట నుంచి వచ్చే ముసలమ్మకు బస్సు ఖర్చు తప్పింది. కానీ వీడియో వల్ల ఇంకొకటి పోయింది, దాని గురించి ఎవరూ రాయరు.

ఇదివరకు వాయిదా రోజున ఖైదీని వ్యాన్లో నాంపల్లి కోర్టుకు తెచ్చేవాళ్లు. కోర్టు వరండాలో, ఎస్కార్టు పోలీసులు అటు తిరిగి బీడీ ముట్టించుకున్న రెండు నిమిషాల్లో, ఇంటివాళ్లు ఇంత అన్నం ముద్ద తినిపించేవాళ్లు. పిల్లను చేతికిచ్చేవాళ్లు. ఏ చట్టంలోనూ లేని ములాఖత్ అది, అన్నిటికన్నా మంచి ములాఖత్ కూడా అదే. మధ్యలో జాలీ ఉండేది కాదు. అద్దం ఉండేది కాదు. చెయ్యి పట్టుకునేవాళ్లు. ఇప్పుడు మొదటిసారి హాజరుకు మనిషిని తెచ్చి పెట్టాలి గాని, జ్యుడిషియల్ రిమాండ్ పొడిగించడానికి వీడియోలో చూపిస్తే చాలు. చట్టం అనుమతిస్తోంది, ఎస్కార్టు ఖర్చు తగ్గింది, తప్పించుకుపోయే భయం తగ్గింది. అన్నీ నిజమే. అయితే కోర్టుకు వచ్చిన తల్లికి కనిపించేది టీవీ తెరలో మూలన అరచేతి వెడల్పు మొహం, తెర జడ్జిగారి వైపు తిప్పి ఉంటే అది కూడా లేదు. మన జూనియర్ వకీళ్లతో నేను అనేదేమిటంటే, ముఖ్యమైన వాయిదాలకు మనిషిని స్వయంగా హాజరుపెట్టమని మెమో వెయ్యండి. క్లయింటుతో మాట్లాడాలన్న కారణం ఎప్పుడూ ఉంటుంది.

ఉత్తరాల సంగతికొద్దాం. ఫోన్లొచ్చాక ఉత్తరం ఎవరు రాస్తారండీ అంటారు. జైల్లో ఫోనుంది, ముందుగా రాసిచ్చిన నంబర్లకే, చూసి ఒప్పుకున్నాకే, కాసేపే. మాట పూర్తయ్యేలోపే కట్ అవుతుంది. ఉత్తరం అయితే రాత్రి కూడా చదువుకోవచ్చు. పక్కవాళ్లతో చదివించుకోవచ్చు. ఇన్లాండ్ లెటరు రెండున్నర రూపాయలు, కార్డు యాభై పైసలు. ఈ కాలంలో ఇంత చవగ్గా మనిషికి అందేది ఇంకేముంది? పేరు, తండ్రి పేరు, ఖైదీ నంబరు, జైలు పేరు స్పష్టంగా రాయండి. లోపల ఎవరో ఒకరు విప్పి చదువుతారు, అది మనసులో పెట్టుకోండి. కేసు సంగతులు, సాక్షుల పేర్లు రాయకండి. పిల్ల బడిలో చేరింది, బర్రె ఈనింది, పక్కింటి రాములు కిరాణం పెట్టాడు, ఇవి రాయండి. లోపలివాళ్లకు కావలసింది ఇవే. రాయడం రాని తల్లి కోసం రాసిపెట్టడానికి మీలో పది మంది ఉంటే చాలు.

లోపలి నుంచి వచ్చే ఉత్తరానికి ఎంత బలముందో రెండు కేసులు చెప్తాను. సునీల్ బాత్రా అని తీహార్‌లో ఒక ఖైదీ, పక్క ఖైదీని ఒక వార్డరు హింసించాడని సుప్రీంకోర్టు జడ్జికి ఉత్తరం రాశాడు. దాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు. 1979 డిసెంబరులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పులో ఇంటివాళ్లు, స్నేహితులు వచ్చి కలవడం ఖైదీకి ఊరట అనీ, దాన్ని అడ్డుకుని సంతోషించేది మానవత్వం లేని వ్యవస్థే అనీ అన్నారు. రెండోది అంతకన్నా పాతది, 1965 నాటిది. బొంబాయిలో నిర్బంధంలో ఉన్న ప్రభాకర్ సంజ్‌గిరి అణువు గురించి మరాఠీలో ఒక సైన్సు పుస్తకం రాసుకుని, రాతప్రతి భార్యకు పంపిస్తానన్నాడు, ఆమె అచ్చు వేయిస్తుందని. ప్రభుత్వం కుదరదంది. సైన్సు పుస్తకంలో ఏం కుట్ర కనిపించిందో మరి! సుప్రీంకోర్టులో తీర్పు రాసింది మన కోకా సుబ్బారావు గారు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మొదటి చీఫ్ జస్టిస్. నిర్బంధ షరతుల్లో పుస్తకం రాయొద్దని గానీ, బయటికి పంపొద్దని గానీ ఎక్కడుంది అని అడిగారు. లేనప్పుడు ఆపే అధికారం మీకు లేదన్నారు. ఇక్కడ కూడా చూడండి, పుస్తకం అందుకోవాల్సిన చెయ్యి ఎవరిది? భార్యదే.

జైల్లో మనిషికి బయటివాళ్లు కావాల్సిన అసలు చోటు బెయిలు. అందరూ అనుకుంటారు, బెయిలు వచ్చిందంటే బయటికొచ్చినట్టే అని. రాడు. జడ్జిగారు బెయిలిచ్చి, ఇద్దరు షూరిటీలు, అంటే పూచీ ఉండేవాళ్లు, కావాలంటారు. ఇంటి పన్ను రసీదో, ఉద్యోగి అయితే జీతం స్లిప్పో పట్టుకుని మనుషులు రావాలి. లోపలివాడు జైల్లో కూర్చుని షూరిటీలను వెతకలేడు కదా. ఇంటితో సంబంధం తెగిపోయినవాడు బెయిలొచ్చాక కూడా నెలలు లోపలే ఉంటాడు. హైదరాబాద్‌లో బిల్డింగు పనికి వచ్చిన ఒడిశా, బిహార్ కుర్రాళ్ల సంగతి చూడండి. ఇక్కడ వాళ్లకు ఇల్లు లేదు, రసీదు లేదు. ఊళ్లో అమ్మానాన్నలకు తెలుగు రాదు, హైదరాబాద్ ఎటు వైపో తెలియదు. లోకల్ షూరిటీ కావాలంటే ఎక్కడి నుంచి తెస్తాడు? 1978లోనే మోతీరామ్ కేసులో ఒక తాపీ మేస్త్రీకి ఇదే జరిగింది. పదివేల షూరిటీ అడిగారు, తోడబుట్టినవాడు వస్తే అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిప్పి పంపారు. కృష్ణయ్యర్ గారు అప్పుడే మందలించారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశాలిచ్చింది. బెయిలు ఆర్డరు ఆ రోజో మర్నాడో ఈమెయిల్లో జైలుకు పంపాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవల సంస్థ కార్యదర్శికి చెప్పాలి. నెలలోపు పూచీకత్తు కట్టలేకపోతే కోర్టే షరతులు సడలించే సంగతి చూడొచ్చు. లోకల్ షూరిటీ పెట్టకుండా ఉంటే మంచిదని కూడా అంది. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం పెట్టింది. విచారణ ఖైదీకి బెయిలు కోసం 40 వేల దాకా, శిక్ష పడ్డవాడికి జరిమానా కట్టడానికి 25 వేల దాకా సాయం అన్నారు అప్పట్లో. అడిగేవాళ్లు లేక పథకం కాగితం మీదుంటుంది. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పనిలేకుండా, ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెప్తోంది. పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ప్రాంగణం తెలుసు కదా, అక్కడ అడగండి.

ఆడవాళ్ల జైలు సంగతి వేరే. మగాడు లోపలికి పోతే ఇంట్లో ఆడది కాళ్లరిగేలా తిరుగుతుంది. ఆడది లోపలికి పోతే? నేను చూసినంతలో భర్త వచ్చేది మొదటి నెల. తర్వాత తల్లి వస్తుంది. తల్లి పోతే ఎవరూ రారు. మగవాళ్ల వైపు ములాఖత్ బారు పొడుగ్గా ఉంటుంది, ఆడవాళ్ల వైపు కొద్దిమందే ఉంటారు. పిల్లల మాటకొస్తే, మన ఉమ్మడి రాష్ట్రం పేరుమీదే ఒక పెద్ద తీర్పుంది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, 2006 ఏప్రిల్. ఆరేళ్లు వచ్చేదాకా బిడ్డ తల్లి దగ్గర ఉండొచ్చు. ఆ తర్వాత హోమ్‌లో ఉంచితే వారానికి ఒక్కసారయినా తల్లిని కలవనివ్వాలి. జైల్లో పుట్టిన బిడ్డ బర్త్ సర్టిఫికెట్లో జైలు అని రాయకూడదు, ఆ ఏరియా పేరే రాయాలి. ఈ ఆఖరి మాట రాసిన జడ్జిలకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు. ఇకపోతే ఆరేళ్ల పిల్లను వారం వారం హోమ్ నుంచి చంచల్‌గూడకు ఎవరు తీసుకురావాలి? వాహనం ఎవరిది? పిల్లతో వచ్చే ఆయా ఎవరు? తీర్పు అమలు ఆగేది ఈ వాహనం దగ్గరే.

మీలో ఒకరు ఇంతకుముందు చీటీ పంపారు, "అందరూ కలవాలనే కోరుకుంటారా" అని. మంచి ప్రశ్న. కోరుకోరు. కట్టుకున్నవాడు కొట్టి కొట్టి చంపబోయి జైలుకెళ్తే, ఆ పెళ్లాన్ని "పాపం, పోయి చూసిరా" అని అత్తింటివాళ్లు తోస్తారు. వాలంటీర్లు కూడా మంచి ఉద్దేశంతోనే తోస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. లోపలి నుంచి వచ్చే ఉత్తరమో, ఫోనో బెదిరింపు కూడా కావచ్చు, సాక్షిని లొంగదీసుకోవడానికి కావచ్చు. జైలువాళ్లు నంబర్లు చూసి ఒప్పుకోవడానికి, జామర్లు పెట్టడానికి కారణాలున్నాయి. నేను వాటికి వ్యతిరేకిని కాదు. కలవడం ఖైదీ హక్కు, కలవనని అనడం బయటి మనిషి హక్కు. రెండోది ఎక్కడా రాసి ఉండదు కాబట్టి మీరు గుర్తుంచుకోవాలి.

ములాఖత్‌లు ఎక్కువైతే మళ్లీ నేరాలు తగ్గుతాయా అని కూడా అడుగుతుంటారు. అమెరికాలో మిన్నెసోటా జైళ్ల శాఖ 2003 నుంచి 2007 దాకా విడుదలైన 16,420 మందిని చూసి 2011లో రిపోర్టు ఇచ్చింది. ఎవరైనా వచ్చి కలిసినవాళ్లకు మళ్లీ పెద్ద నేరంలో శిక్ష పడే ప్రమాదం 13 శాతం తక్కువుందని. బాగుంది. కానీ నాకీ వాదన అంతగా రుచించదు. నేరాలు తగ్గకపోయినా తల్లి కొడుకును చూడొచ్చు కదా.

చావులప్పుడు మరీ కష్టం. మండేలాను 1964లో రాబెన్ ఐలాండ్‌కు పంపినప్పుడు ఆరునెలలకు ఒక ఉత్తరం, ఒక్క మనిషిని కలవడం. 1968లో తల్లి పోయింది, 1969లో పెద్దకొడుకు పోయాడు. రెండిటికీ పంపలేదు. మన దగ్గర శిక్ష పడ్డవాళ్లకు పెరోల్ ఉంది, కానీ రిమాండ్‌లో ఉన్నవాడికి లేదు. తండ్రి చనిపోతే కోర్టుకు పోయి మధ్యంతర బెయిలో, ఎస్కార్టుతో అనుమతో తెచ్చుకోవాలి. శవం ఆగదు కదా. మన దగ్గర మధ్యాహ్నానికి ఎత్తేస్తారు, ముస్లింలు ఇంకా త్వరగా. అందుకని డెత్ సర్టిఫికెట్ కోసం చూడకుండా, ఆస్పత్రి చీటీనో, సర్పంచి కాగితమో పట్టుకుని పొద్దున్నే కోర్టు తెరిచేసరికి ఉండండి. సెలవు రోజైతే ఇంచార్జి మెజిస్ట్రేటు ఇంటికి పోవాలి.

గల్ఫ్ గురించి చెప్పకుండా తెలంగాణలో ఈ మాట పూర్తి కాదు. సిరిసిల్ల ప్రాంతం నుంచి దుబాయ్ పోయిన కొందరు ఒక హత్య కేసులో దాదాపు 18 ఏళ్లు అక్కడి జైల్లో ఉండి 2024 మొదట్లో ఇంటికొచ్చారు. పాలు తాగే పిల్లల్ని వదిలి పోయినవాళ్లు పెళ్లీడు పిల్లల్ని చూశారు. అన్నేళ్లూ మాటంతా ఫోన్లోనే. అలాంటివాళ్ల కోసం 2003లో ఖైదీలను స్వదేశానికి తెచ్చుకునే చట్టం చేశారు, 2011లో యూఏఈతో ఒప్పందం కుదిరింది. శిక్ష ఖరారై, సాధారణంగా ఇంకా కనీసం ఆరునెలల శిక్ష మిగిలి ఉండి, ఖైదీ ఒప్పుకుంటే మిగతాది ఇక్కడి జైల్లో అనుభవించొచ్చు. జైలు జైలే. కానీ తల్లి బస్సెక్కి వచ్చి చూడగల జైలు. మీ ఊళ్లో అలాంటి కుటుంబం ఉంటే ఈ చట్టం పేరు చెప్పండి, చాలామందికి తెలియదు.

నా టైము అయిపోయింది అంటున్నారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. చెప్పమ్మా... స్నేహితులు పోవచ్చా అని అడుగుతోంది. పోవచ్చు. మండేలా నియమాల్లో కుటుంబం, స్నేహితులు ఇద్దరూ ఉన్నారు. ఇందాక 48వ సెక్షనులో స్నేహితుడు అన్న మాట గుర్తుంచుకోమన్నాను కదా, అక్కడా ఉన్నాడు. ఈ-ములాఖత్‌లో సంబంధం ఏమిటని అడుగుతుంది, స్నేహితుడు అని రాయండి. లోపలివాళ్లు ఒప్పుకోవాలి, అది ముందే ఉత్తరంలో అడగండి. అయితే ఒకటి. ఉన్న ములాఖత్‌ల లెక్కలో మీది ఒకటి పోతే ఆ వారం తల్లికి దక్కదు. కాబట్టి ఆమెతో మాట్లాడుకుని పొండి, వీలైతే ఆమెతో కలిసి పొండి. ఆధార్ ఒరిజినల్ పట్టుకోండి, జిరాక్సు చూపిస్తే వెనక్కి పంపుతారు. ఫోన్లు లోపలికి రానివ్వరు, బయట చాయ్ హోటల్లో ఎవరికో ఇచ్చి పోయి తర్వాత వెతుక్కోకుండా, ఒకరు బయట ఉండి అందరి ఫోన్లు పట్టుకోండి. మిగతా ప్రశ్నలు బయట చాయ్ దగ్గర అడగండి, నేను ఉంటాను.